మైలుతుత్తము శిలీంధ్రమును ఎట్లు చంపును?

జీలుగు కల్లు కుండలో పొద్దెక్కిన కొలది నురుగు పొంగుట అరకు, పాడేరు ప్రాంతపు రైతులెల్లరు ఎరిగినదే. ఆ నురుగుకు కారణము ఈస్టు. అది ఒకే కణము గల శిలీంధ్రము. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు 200వ వంతు ఉండును. కాఫీ ఆకు అడుగున నారింజరంగు పొడిగా కనబడు తుప్పు తెగులును కలిగించునదియు శిలీంధ్రమే. దూరపు చుట్టములే యైనను, రాగి ఈ రెండింటికి హాని చేయు తీరు చాలవరకు ఒక్కటే. ఈస్టును పెంచుట సులభము గనుక లోహముల విషమును శాస్త్రజ్ఞులు దానిపై విరివిగా పరిశీలించిరి.

రాగి ఈస్టుకు బొత్తిగా పనికిరానిది కాదు. కణము ఊపిరి తీయుటకు తోడ్పడు ఒక ఎంజైములో రాగి కలదు. మితిమీరినప్పుడే చిక్కు. కణపు పైపొరలోని కొవ్వు చెడి, లోపలి పొటాషియం బయటికి కారిపోవును. లోపల జొరబడిన రాగి మాంసకృత్తులలోని గంధకమును పట్టుకొనును. పట్టుబడిన ఎంజైము పని మానును. కాడ్మియం, పాదరసము కూడ గంధకమునే పట్టును.

ఈస్టు ఊరక చావదు. గంధకము మెండుగా గల చిన్న మాంసకృత్తును తయారుచేసి రాగిని దానికి కట్టివేయును. తరతరములుగా రాగి చల్లిన ఐరోపా ద్రాక్షతోటల ఈస్టులలో పలువాటికి ఈ నేర్పు హెచ్చినది.

ఆ తోటలలో పుట్టిన మందే బోర్డో మిశ్రమము. 1885లో ఫ్రాన్సులో మిలార్డే దీనిని ప్రకటించెను. కాఫీకి అర శాతము చాలును: 100 లీటర్ల నీటికి 500 గ్రాముల మైలుతుత్తము, 500 గ్రాముల సున్నము. రెండింటిని వేర్వేరుగా కరిగించి, తుత్తపు నీటిని సున్నపు నీటిలో పోయవలెను. ఇనుప పాత్ర వాడరాదు. తరువాత ఇనుప కత్తిని నిమిషము సేపు ముంచి చూడుడు. ఎర్రని పూత పట్టినచో రాగి ఇంకను విడిగా ఉన్నదన్నమాట. అది ఆకును మాడ్చును. మరికొంత సున్నము కలుపుడు. ఈ పరీక్షకు ఖర్చు లేదు, అయినను చేయువారు తక్కువ!

ఆకులోనికి దిగిన తెగులును ఈ మందు నయము చేయదు. తడి ఆకుపై మొలకెత్తు సిద్ధబీజమునే ఇది చంపును. కనుక వానలకు ముందొకసారి, వానలు వెనుకబట్టిన పిదప ఒకసారి, ఆకు అడుగుభాగము తడియునట్లు చల్లవలెను.

రాగి నేలలో కుళ్లి పోదు, ఏటేటా పేరుకొనును. పులుపు నేలలో మరింత కరిగి, ఆకును కుళ్లబెట్టి ఎరువు చేయు మేలి శిలీంధ్రములకు కూడ హాని చేయును. తోలు తీసిన కాఫీ గింజల జిగురును పులియబెట్టునవి ఈస్టులు, బాక్టీరియాలే కదా! పండ్లపై మందు మిగిలినచో వాటికే దెబ్బ తగులవచ్చును. కోతకు దగ్గరగా చల్లరాదు. సేంద్రియ ధ్రువీకరణ గల తోటవారు ధ్రువీకరణ సంస్థను ముందుగా అడుగవలెను. పిచికారీ యంత్రమును గెడ్డలో మాత్రము కడుగకుడు. రాగి చేపలకు విషము.