డెల్టా వరికి ఎలుకల బెడద: ఊరుమ్మడి ఎరతోనే రాబడికి రక్ష

గోదావరి, కృష్ణా డెల్టాలలో సార్వా ధాన్యం రాబడిని అంచనా కట్టేటప్పుడు వర్తకులు వర్షాన్ని, తుపానును, దోమపోటును లెక్కలోకి తీసుకుంటారు. ఎలుకల పద్దు మాత్రం కళ్లంలో బస్తాలు తక్కువ పడ్డాకగాని ఎవరికీ గుర్తురాదు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

డెల్టా పొలాలలో ప్రధాన శత్రువు చిన్న పందికొక్కు. ఇది గట్లలో బొరియలు తవ్వి, పిలకలను మొదట్లో కొరికి, పంట పండాక వెన్నులను బొరియలోకి చేరవేసి నిల్వ చేస్తుంది. గర్భకాలం మూడు వారాల పైచిలుకు. ఈతకు ఆరేడు పిల్లలు. పంట ఎదిగేకొద్దీ సంతతి కూడా పెరుగుతుంది.

లెక్క కోసం ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 పండుతాయని, నూటికి 5 వంతులు ఎలుకల పాలయ్యాయని అనుకుందాం. ఎకరాకు బస్తాన్నర పోయినట్టు. వెయ్యి ఎకరాల ఆయకట్టులో 1,500 బస్తాలు, అంటే 112 టన్నుల పైచిలుకు ధాన్యం. పది టన్నుల లారీలు పదకొండు మిల్లుకు రాకుండా ఆగిపోయినట్టే. అదే ఆయకట్టులో ఎకరాకు 20 బొరియల వంతున, బొరియకు 10 గ్రాముల ఎర పెడితే ఒక విడతకు కావలసింది మొత్తం రెండు క్వింటాళ్లు. కూలి, మందు ఖర్చు కలిపినా బేరం ఎటు మొగ్గుతుందో వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఈ బేరానికి అదను ముఖ్యం. నాట్లయ్యాక నెల, నెలన్నర లోపే ఎర పెట్టాలి. తొలి దశలో పిలక తెగినా పైరు కొత్త పిలక వేసి కోలుకుంటుంది. చిరుపొట్ట దశ దాటాక తెగిన పిలక తెగినట్టే. పైగా గింజ పాలు పోసుకున్నాక చేలోనే తిండి సమృద్ధిగా దొరుకుతుంది కనుక ఎలుక ఎరను ముట్టదు.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. మొదటి రోజు సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూయాలి. మర్నాటికి తెరుచుకున్నవే ఎలుకలున్న బొరియలు. నూకలు 96 పాళ్లు, వంటనూనె 2 పాళ్లు, 0.25 శాతం బ్రోమాడయోలోన్ మందు 2 పాళ్లు కలిపి, 10 నుంచి 15 గ్రాముల పొట్లాలు కట్టి బొరియ లోపలికి వేయాలి. పది, పన్నెండు రోజుల తర్వాత మళ్లీ మూసి చూసి, తెరుచుకున్న వాటికి రెండో విడత పెట్టాలి. ఈ మందు కొన్ని రోజులకు గాని చంపదు. అందుచేత మిగిలిన ఎలుకలకు ఎరపై అనుమానం రాదు. జింక్ ఫాస్ఫైడ్ గంటలలో పనిచేస్తుంది. కాని బతికిన ఎలుకలు మళ్లీ ఆ ఎర జోలికి పోవు. అందుకే దానికి ముందు రెండు రోజులు మందులేని నూకలు అలవాటు చేయవలసి ఉంటుంది.

అసలు చిక్కు మరొకటి. ఒక్క రైతు ఎర పెట్టి తన చేను శుభ్రం చేసుకుంటే, పక్క చేలోవి వారాలలోనే వచ్చి చేరతాయి. సొంత గట్టుకు రైతు ఉన్నాడు. కాలువగట్టుకు, రోడ్డు పక్క పోరంబోకుకు ఎవరున్నారు? ఎలుకలకు స్థావరాలు అవే. ఆయకట్టు అంతటా ఒకేసారి, కాలువగట్లతో సహా ఎర పడితేనే ఫలితం. వ్యవసాయ శాఖ సామూహిక కార్యక్రమాల ఉద్దేశం కూడా ఇదే.

ఇక్కడ వర్తకుల పాత్ర ఉంది. పంట మీద రైతుకు అడ్వాన్సు ఇచ్చిన కమిషన్ వ్యాపారి సొమ్ము కూడా ఆ గట్ల మీదే ఉన్నట్టు లెక్క. ఊరి మిల్లరు నూకలు, కమిషన్‌దారులు కాలువగట్ల మేరకు కూలి ఖర్చు భరిస్తే పెద్ద భారం కాదు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. మందు కలిపిన నూకలు, ఆ గోనెలు, ఆ పాత్రలు మళ్లీ గోడౌను గడప తొక్కరాదు. ఎర బొరియ బయట పడకూడదు. చచ్చిన ఎలుకలను పాతిపెట్టాలి. పొరపాటున ఎవరైనా మందు మింగితే వెంటనే ఆస్పత్రికి చేర్చి, మందు పేరు డాక్టరుకు చెప్పాలి. బ్రోమాడయోలోన్‌కు విటమిన్ కె విరుగుడు. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు.

రాబోయే సార్వా రాబడిని అంచనా కట్టదలచినవారు చేల పచ్చదనంతోపాటు, ఆ ఆయకట్టులో ఎర పడిందా లేదా అన్నదీ విచారించడం మంచిది.