నిధి ఎవరిది? కాలము ఏది?

ఉప్పల్‌లోనో, నాచారములోనో ఇంటికి పునాది త్రవ్వుచుండగా పాత నాణెముల కుండ బయటపడినదనుకొందము. అది ఎవరికి చెందును? రోము చక్రవర్తి హేడ్రియన్ (క్రీ.శ. 117–138) దీనికొక నియమము చేసెను: తన నేలలో దొరికినది తనదే, పరుల నేలలో అనుకోకుండ దొరికినచో కనుగొన్నవానికి సగము, నేల యజమానికి సగము. 533లో జస్టీనియన్ వెలువరించిన న్యాయ పాఠ్యగ్రంథములో ఈ నియమము నిలిచియున్నది.

ఆ రోమను నాణెములే వర్తకము మూలమున మన దేశమునకు వచ్చి, ఇక్కడ నిధులైనవి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో వెండివి, గుంటూరు ప్రాంతమున వినుకొండలో బంగారువి దొరికినవి. వినుకొండ నిధిలో టైబీరియస్ (14–37) మొదలు కారకల్లా (198–217) వరకు పలువురు చక్రవర్తుల నాణెములున్నవి. కావున దానిని కారకల్లా కాలమునకు పూర్వము పాతిపెట్టియుండుట అసంభవము. టైబీరియస్ నాణెమొక్కటే మిగిలి, తక్కినవి కంసాలి మూసలో కరగిపోయియున్నచో, ఈ సంగతి మనకు తెలియకయే పోవును. నిధి కాలమును తేల్చునది అందలి కడపటి నాణెము. అందుచేత నిధి చెదరరాదు.

1878 నాటి భారత నిధి చట్టము, పది రూపాయలకు మించిన నిధి దొరికినచో దాని స్వరూపము, దొరికిన చోటు, తేదీ కలెక్టరునకు వ్రాసి తెలుపవలెనని విధించినది. చరిత్రకారుడు మొదట అడుగు ప్రశ్నలును ఇవియే.