వారం వారం కిస్తీ, ఆర్నెల్లకో పంట

2019 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 93 శాతం, తెలంగాణలో దాదాపు 92 శాతం సేద్యపు కుటుంబాలు అప్పులో ఉన్నాయి. దేశం మొత్తమ్మీద చూస్తే సగమే. దీనికి గుండెలు బాదుకోనక్కర్లేదని కొందరంటారు: బ్యాంకులు, పొదుపు సంఘాలు అల్లుకున్నచోట అప్పు ఎక్కువే కనిపిస్తుంది, అసలు అప్పే పుట్టకపోతే విత్తనం పడదు. నిజమే. కానీ మనిషిని కుంగదీసేది అప్పెంత అన్నదొక్కటే కాదు, ఎవరి దగ్గర తెచ్చాం, ఎప్పుడు కట్టాలి అన్నది కూడా.

కౌలు రైతునే చూడండి. పాసు పుస్తకం యజమాని పేరున ఉంటుంది కాబట్టి బ్యాంకు పంట రుణం చాలాసార్లు అతని దాకా రాదు. వడ్డీ వ్యాపారి దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు. చెవికి చిన్నగా వినిపించే ఆ మాటకు అర్థం ఏడాదికి 36 శాతం. పంటేమో ఆర్నెల్లకొకసారి, సూక్ష్మరుణం కిస్తీ మాత్రం తరచూ వారం వారం. ఆ రుణం తీసుకున్న గ్రూపులో ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్లు వేసుకోవాలి; అంటే నిలదీసేది ఏజెంటే కాదు, పక్కింటి వదిన కూడా. ఆ వారం పాలు మానేస్తారు, మోకాళ్ల నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా పడుతుంది. పట్టని నిద్ర ఏ ఖాతాలోనూ ఎక్కదు.

2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు సూక్ష్మరుణాల వారపు వసూళ్లను నెలవారీ చేసి, ఇళ్ల ముందు కాక పంచాయతీ ఆఫీసులో కట్టించుకోమంది. దాంతో కొత్త అప్పులూ ఎండిపోయాయన్న విమర్శలో పస ఉంది. అయినా గుమ్మం ముందు పరువు పోవడమూ నష్టమేనని ప్రభుత్వం గట్టిగా ఒప్పుకున్నట్టయింది. కౌలుదారుకు గుర్తింపు కార్డుతోపాటు రుణమూ చేతికి రావడం, కిస్తీ గడువు పంట అమ్మే నెలకు జరగడం మాత్రం ఇంకా మిగిలే ఉన్నాయి.