కప్పెక్కిన 431వ బొమ్మ

పాతకాలపు పక్షుల బొమ్మలున్న పింగాణీ కప్పుల్లో తరచూ కనిపించేది ఎర్రటి ఫ్లెమింగో. నీటి ఒడ్డున నిలబడి, మెడను కిందికి వంచి ఉంటుంది. జాన్ జేమ్స్ ఆడుబాన్ వేసిన 'బర్డ్స్ ఆఫ్ అమెరికా'లో ఇది 431వ బొమ్మ. 1838లో లండన్‌లో అచ్చయింది. పులికాట్‌లో ఫ్లెమింగోలను చూసినవాళ్లకు ఈ ఎరుపు అతి అనిపించవచ్చు. మన దగ్గరికి వచ్చేవి తెల్లటి ఒంటి మీద లేత గులాబీ ఛాయ ఉన్న వేరే జాతి. అమెరికా ఫ్లెమింగో నిజంగానే అంత ఎర్రగా ఉంటుంది.

మెడ వంచడానికీ ఓ లెక్క ఉంది. ప్రతి పక్షినీ అసలు సైజులోనే చూపించాలని ఆడుబాన్ పట్టుబట్టాడు. అందుకోసం ఎంచుకున్న కాగితం సుమారు 100 సెం.మీ. పొడవు, 67 సెం.మీ. వెడల్పు. ఫ్లెమింగో తల ఎత్తి నిలబడితే 120 సెం.మీ. దాటుతుంది. కాగితంలో పట్టాలంటే తల దించక తప్పలేదు.

ఇక కప్పు కొలతలు చూద్దాం. మార్కెట్లో ఎక్కువగా దొరికే 325 మి.లీ. కప్పు ఎత్తు 9.5 సెం.మీ., వ్యాసం 8.2 సెం.మీ. చుట్టుకొలత 25.8 సెం.మీ. వస్తుంది. పిడి దగ్గర వదిలేస్తే బొమ్మకు మిగిలేది అటూ ఇటూగా 20 సెం.మీ. వెడల్పు, 9 సెం.మీ. ఎత్తు. ఆ ఎత్తులో 431వ బొమ్మను పూర్తిగా కూర్చితే 9 × 6 సెం.మీ. అవుతుంది. పొడవులో పదకొండో వంతు, వైశాల్యంలో 120వ వంతు కన్నా తక్కువ. అసలు సైజు కోసం ఆయన పడ్డ తపనంతా ఇక్కడ పోయినట్టే, అది నాకు బాధగానే ఉంటుంది. అయినా ఆ బొమ్మ అప్పట్లో ఎంతమంది చూడగలిగారు? 1827 నుంచి 1838 దాకా విడతకు 5 చొప్పున 87 విడతల్లో 435 బొమ్మలు వచ్చాయి. ఒక్కో విడత ధర రెండు గినీలు. అచ్చయిన పూర్తి సెట్లు 200 దాటలేదు. 175 సెట్లే అనుకున్నా 76 వేల పైచిలుకు కాగితాలు. రాగి రేకుల మీంచి నలుపులో అచ్చు తీసి, ఒక్కోదానికీ చేత్తో రంగులు అద్దారు.

అచ్చు బొమ్మలు పింగాణీ మీదికి రావడం మాత్రం అంతకన్నా పాత సంగతి. 1756లో లివర్‌పూల్‌లో జాన్ శాడ్లర్, గై గ్రీన్ ఆరు గంటల్లో 1,200కు పైగా టైల్స్ మీద అచ్చు వేశామని ప్రమాణ పత్రం రాసిచ్చారు. 1815 ప్రాంతంలో స్పోడ్ కంపెనీ మన దేశపు వేట దృశ్యాలతో పళ్లేలు చేసింది. వాటికి మూలం 1807 నాటి 'ఓరియంటల్ ఫీల్డ్ స్పోర్ట్స్'. అందులో రంగు బొమ్మలు 40. పళ్లెం మీదికొచ్చేసరికి పులి, ఏనుగు అన్నీ నీలమే! మెరుపుపూత కింద వేసిన బొమ్మ ఆ పూతతోపాటు కొలిమి వేడిని తట్టుకోవాలి. అప్పట్లో నమ్మకంగా తట్టుకునే రంగు కోబాల్టు నీలమే.

ఈనాటి కప్పుకూ అసలు పరీక్ష ఆ వేడే. మన ఊళ్లలో ఫొటో స్టూడియోవాళ్లు వేసిచ్చే కప్పుల బొమ్మకు 180–200 డిగ్రీల సెల్సియస్ చాలు. ఆ వేడికి కాగితం మీది రంగు ఆవిరై, కప్పుకు ముందే పూసిన పాలిస్టర్ పొరలోకి ఇంకుతుంది. రంగు పింగాణీలోకి దిగదు. స్టీలు పీచుతో రుద్దితే ఆ పొర గీసుకుపోతుంది, ఎండ తగిలే కిటికీలో పెడితే వెలిసిపోతుంది. రెండో పద్ధతి డెకాల్. ఖనిజ రంగులతో అచ్చయిన పల్చటి పొరను నీళ్లలో నానబెట్టి కప్పుకు అతికించి, 750–850 డిగ్రీల్లో మళ్లీ కాలుస్తారు. రంగు మెరుపుపూతకు కరిగి అతుక్కుంటుంది. బొమ్మ అంచున గోరు పెట్టి జరిపితే సన్నటి మెట్టు తగులుతుంది. ఇంకా ఎక్కువ వేడిలో, 1,200 డిగ్రీల దగ్గర కాల్చేవాటిలో రంగు పూత లోపలికే దిగిపోతుంది. అవి అన్నిటికన్నా గట్టివి.

ఫ్లెమింగో ఎరుపు దగ్గర ఇంకో చిక్కుంది. కొలిమిలో నిలిచే మెరిసే ఎరుపుకు చాలాచోట్ల వాడేది కాడ్మియం, సెలీనియం కలిసిన రంగు. రంగు తక్కువ వేడికే కరగడానికి పాతరోజుల్లో సీసం కలిపేవారు. అందుకే కప్పులకు పరీక్షలున్నాయి. 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి 24 గంటలు ఉంచి, ఎంత సీసం దిగిందో కొలుస్తారు. అమెరికాలో కప్పులకు లీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటకూడదు. బొమ్మ బయటి వైపే కదా అనుకోవచ్చు, కానీ అంచు నుంచి కిందికి 20 మి.మీ. దాకా పెదవి తగిలే చోటు, దాన్ని విడిగా పరీక్షిస్తారు. కొనేటప్పుడు ఆ మేర తెల్లగా వదిలేసిన కప్పే తీసుకోండి. రోజూ నిమ్మకాయ టీ తాగేవాళ్లు ఇది మరీ పట్టించుకోవాలి.

ఆడుబాన్ 1851లో చనిపోయాడు, ఆ బొమ్మల మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైటు లేదు. 435 బొమ్మలూ ఆయన పేరుతో ఉన్న అమెరికా పక్షి సంరక్షణ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. సొంతంగా వేయించుకుంటే 20 × 9 సెం.మీ.కు కనీసం 2,360 × 1,060 పిక్సెళ్లున్న ఫైలు ఇవ్వండి. 431వ బొమ్మ పైభాగంలో ముక్కు, పాదం ఎలా ఉంటాయో విడివిడిగా చూపించిన చిన్న గీతలున్నాయి. పక్షి పెద్దగా కనపడాలని షాపువాళ్లు మొదట కత్తిరించేది వాటినే. వాటిని ఉంచమని ముందే చెప్పండి.