ముడతను కొలిచిందెవరు?

‘ముడతలు మాయం’, ‘పదేళ్లు వెనక్కి’ లాంటి మాటలు జూబ్లీహిల్స్ బోర్డులు దాటి జిల్లా కేంద్రాల గోడల మీదికి వచ్చేశాయి. ఆ బోర్డు వెనక లేజర్ ఉండొచ్చు, ఇంజెక్షన్ ఉండొచ్చు, కత్తి ఉండొచ్చు. వాటిలో ఏది మంచిదని వాకబు చేసే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. తగ్గిందంటున్న ఆ ముడతను కొలిచిందెవరు, దేంతో, ఎన్నాళ్లకు? చర్మం ముదిరిపోవడం మీద గత నలభై ఏళ్లలో జరిగిన పరిశోధనను ఈ ప్రశ్నతో జల్లెడ పడితే పైన నిలిచేవి చాలా తక్కువ. చిత్రమేమిటంటే, వాటిలో అన్నిటికన్నా గట్టిగా నిలిచేవి చవక సరుకులే.

అలా నిలిచినవాటిలో మొదటిది ఆస్ట్రేలియాలోని నాంబూర్ నుంచి వచ్చింది. క్వీన్స్‌లాండ్‌లో ఎండలు కాచే ఊరది. అడెల్ గ్రీన్ బృందం 1992లో అక్కడి 1,621 మందిని లాటరీ పద్ధతిలో విడదీసింది. సగం మందికి సన్‌స్క్రీన్ సీసాలిచ్చి రోజూ పొద్దున్నే ముఖానికి, మెడకు, చేతులకు రాసుకోమన్నారు. మిగతావాళ్లను ఎప్పటిలాగే మీ ఇష్టప్రకారం ఉండండి అన్నారు. ‘రాసుకున్నాం’ అని నోటిమాటగా చెబితే ఊరుకోలేదు, తిరిగొచ్చిన సీసాలను తూకం వేశారు. 55 ఏళ్ల లోపున్న 903 మందికి అరచేతి వెనకవైపు సిలికాన్ అద్ది అచ్చు తీశారు. మైక్రోస్కోపు కింద ఆ అచ్చులో లేత చర్మం సన్నని గీతల అల్లికలా కనిపిస్తుంది. ఎండకు దెబ్బతిన్న చర్మంలో ఆ అల్లిక చెరిగిపోయి, గీతలు చదునెక్కి, ఒకే దిక్కుకు సాగి ఉంటాయి. ఏ అచ్చు ఎవరిదో తెలియనివాళ్లు వాటికి మార్కులు వేశారు. నాలుగున్నరేళ్ల తర్వాత చూస్తే, రోజూ రాసుకున్నవాళ్ల చర్మం పట్టి చూపగలిగినంతగా ముదరలేదు. రెండో గుంపుతో పోలిస్తే ముదురుదనం 24 శాతం తక్కువ. ఈ ఫలితం 2013లో ‘అనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’ పత్రికలో వచ్చింది. అదే ట్రయల్‌లో సగం మందికి రోజూ 30 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర కూడా ఇచ్చారు. దానివల్ల చర్మానికి మొత్తం మీద ఒరిగిందేమీ కనబడలేదు. యాంటీ ఆక్సిడెంట్ అన్న మాట డబ్బా మీద చూడగానే చెయ్యి చాపేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

రెండోది ట్రెటినాయిన్, మొటిమలకు పూసే పాత మందే. 1993లో మిషిగన్ పరిశోధకులు పది పన్నెండు నెలలపాటు దీన్ని రాయించి, చర్మం ముక్క తీసి చూశారు. మందు రాసినవాళ్లలో చర్మానికి బిగువునిచ్చే కొత్త కొలాజెన్ 80 శాతం పెరిగింది, ఉత్త క్రీమ్ రాసినవాళ్లలో 14 శాతం తగ్గింది. ఆ మందు చరిత్రకూ మచ్చ లేకపోలేదు. దాన్ని చర్మవైద్యంలోకి తెచ్చిన ఆల్బర్ట్ క్లిగ్మన్ ఫిలడెల్ఫియా హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వైద్యవిభాగం అందుకు 2021లో క్షమాపణ చెప్పింది. మన దగ్గర ప్రమాదం ఇంకో రకం. ఇదే మందును స్టెరాయిడ్‌తో కలిపిన క్రీములను తెల్లబడటానికని చీటీ లేకుండా కొని రాసుకుంటే చర్మం పలచబడి ఎర్రబారుతుంది. గర్భిణులు ట్రెటినాయిన్ జోలికే పోకూడదు.

కత్తి దగ్గరికొచ్చేసరికి కొలత కష్టమవుతుంది. 2013లో ‘జామా ఫేషియల్ ప్లాస్టిక్ సర్జరీ’లో వచ్చిన అధ్యయనంలో ముఖానికి శస్త్రచికిత్స చేయించుకున్న 49 మంది ఫొటోలను ముక్కూమొహం తెలియని 50 మందికి చూపించారు. సర్జరీ తర్వాత సగటున 3.1 ఏళ్లు చిన్నగా కనిపించారని తేలింది. అందం పెరిగిందా అంటే, చెప్పుకోదగ్గ తేడా లేదు. పదేళ్లని రాసిన బోర్డు పక్కన ఈ మూడేళ్లను పెట్టి చూడాలి. సర్జన్లు దీనికి ఒప్పుకోరు. ఉత్తుత్తి కోత కోసి ట్రయల్ ఎలా చేస్తాం, చేయించుకున్నవాళ్ల తృప్తే అసలైన కొలత కదా అంటారు. మొదటి మాట నిజమే. రెండోది సగమే నిజం. లక్షలు పోసి, నొప్పి భరించి వచ్చిన మనిషి బాగోలేదని అనడానికి ముందే వెనకాడతాడు. పైగా బోటాక్స్ సంగతి చూడండి. కనుబొమల మధ్య గీతలకు 2002లో అమెరికా అనుమతి వచ్చేలోగా 405 మందికి మందు, 132 మందికి ఉత్తుత్తి సూది వేసి కంపెనీ తేడా చూపించింది. మందు గనుక చట్టం అడిగింది, కంపెనీ చూపింది. కత్తిని, సొంత రక్తం తీసి ఎక్కించే పీఆర్‌పీని అంత గట్టిగా అడిగేవాళ్లు లేరు.

డబ్బెవరిదన్నది కూడా ఇదే ప్రశ్నలో భాగం. కొలాజెన్ పొడుల మీద 23 ట్రయళ్లను కలిపి చూసిన విశ్లేషణ 2025లో వచ్చింది. అన్నిటినీ కలిపితే ముడతలు తగ్గినట్టే ఉంది. కంపెనీల డబ్బు లేనివాటిని విడిగా తీస్తే ఆ మేలు మాయమైంది! సన్‌స్క్రీన్ కూడా కంపెనీ సరుకే కదా అంటారేమో. నాంబూర్‌కు ప్రధానంగా డబ్బు పెట్టింది ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి.

వీటన్నిటికన్నా బలమైన అభ్యంతరం, ఈ పరిశోధనంతా తెల్లచర్మం లెక్క అన్నది. దీన్ని కొట్టిపారేయలేం. నల్లజాతీయుల పైచర్మానికి సగటున 13.4 ఎస్‌పీఎఫ్ (ఎండను ఆపే శక్తి) సహజంగానే ఉంటుందని, తెల్లవారికి అది 3.4 అని 1979లోనే కొలిచారు. ఈ రెంటికీ నడుమ ఉన్న మన చర్మానికి ముడత ఆలస్యంగా వస్తుంది, మంగు ముందే వస్తుంది. కంటికి కనిపించే వెలుతురు కూడా చామనఛాయ నుంచి నలుపు దాకా ఉన్న చర్మాన్ని ఇంకా నల్లబరుస్తుందని 2010లో తేలింది. మామూలు సన్‌స్క్రీన్ దాన్ని పెద్దగా ఆపలేదు, ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు క్రీమ్ కొంత ఆపుతుంది, మందపాటి బట్ట బాగా ఆపుతుంది. చీర మీద మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుని మిరపచేలో వంగిన కూలి మనిషి, చున్నీతో మొహమంతా చుట్టుకుని స్కూటీ ఎక్కే అమ్మాయి ఈ విషయంలో క్లినిక్ కన్నా ముందున్నారు. మరి ఇలా ఎండ తగలకుండా కప్పుకుంటే విటమిన్ డి మాటేమిటి? లోపముంటే రక్తపరీక్షలో బయటపడుతుంది, మాత్రతో తీరుతుంది. ముడతకు అలాంటి మాత్ర లేదు.

అందుకని నాంబూర్ లెక్కను మనకు యథాతథంగా అతికించుకోవడం సరికాదు, పనికిరాదని పక్కన పెట్టడమూ సరికాదు. అలాంటి అచ్చులు మన చేతుల మీదా తీయాలి. రెంటచింతల, రామగుండం లాంటి ఊళ్లలో ఎండకు కొదవ లేదు, మన బోధనాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలకూ కొదవ లేదు. కావాల్సింది కంపెనీ డబ్బు కాని డబ్బు, నాలుగైదేళ్ల ఓపిక. భారత వైద్య పరిశోధన మండలి ఆ పని తలకెత్తుకోవాలి. ఈలోగా ఎవరైనా మీకు ప్యాకేజీ రేటు చెబితే, అడ్వాన్సు కట్టే ముందు దాని మీద జరిగిన ట్రయల్ నంబరు అడగండి. మన దేశంలో 2009 జూన్ నుంచి ప్రతి ట్రయల్‌నూ క్లినికల్ ట్రయళ్ల రిజిస్ట్రీ (సీటీఆర్‌ఐ)లో నమోదు చేయాల్సిందే, దాన్ని ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు.