ఫైల్ సేవ్ అయింది... అందులో లిస్టే లేదు!

"అన్నా, మొన్న పొద్దున లిస్టులో నా పేరుంది. ఇప్పుడు లేదు. నీ దగ్గర స్క్రీన్‌షాట్ ఉంటుందిగా?"

మా వీధి తమ్ముడు అడిగింది ఇంతే. వాడు రాసిన ఓ ఉద్యోగ పరీక్ష జాబితా అది. అభ్యంతరం పెట్టుకోవడానికి ఇంకా రెండు రోజులే గడువు. "ఎందుకుండదురా, నా స్క్రిప్టు రోజూ తీస్తోంది" అని గొప్పగా ఫోల్డర్ తెరిచా. ఫైల్ ఉంది. తేదీ కరెక్టే. తెరిస్తే పైన హెడ్డింగు, కింద తెల్లటి ఖాళీ!

మాది సీలేరు. 240 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉన్న ఊరు. కరెంటు ఇక్కడ పుట్టి కిందికి పోతుంది. నెట్ మాత్రం ఘాట్ ఎక్కి మా ఇంటికొచ్చేసరికి ఆయాసపడుతుంది. ఒక్క నోటీసు తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. ఈలోపు ఆ నోటీసే మారిపోవచ్చు కూడా. అందుకే పాత లాప్‌టాప్‌లో పైథాన్, ప్లేరైట్ వేసి, ఉదయం ఐదుకి, రాత్రి ఎనిమిదికి ఆ పేజీని బొమ్మగా తీసి దాచేలా స్క్రిప్టు రాసుకున్నా. (మొదట్లో తెలుగు అక్షరాలన్నీ డబ్బాలుగా వచ్చేవి. ఆ లినక్స్‌లో తెలుగు ఫాంటే లేదు. నోటో ఫాంట్ వేశాక కుదిరింది.)

ప్లేరైట్ 2020లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన టూల్. తెర మీద కనపడకుండానే బ్రౌజర్‌ని నడుపుతుంది. మామూలుగా పేజీ పూర్తిగా లోడ్ అయ్యేదాకా ఆగుతుంది, 30 సెకన్లు దాటితే ఎర్రర్ ఇస్తుంది. మా నెట్‌కి రాత్రిపూట 30 సెకన్లు ఏ మూలకి? రోజూ ఎర్రరే. చిరాకేసి, పేజీ అస్థిపంజరం రాగానే రెండు సెకన్లు ఆగి ఫొటో తీసెయ్యమని మార్చా. ఎర్రర్లు మాయం. అసలు తప్పు అక్కడే చేశా. ఆ సైట్‌లో పేర్ల పట్టిక పేజీతోపాటు రాదు, జావాస్క్రిప్ట్ దాన్ని తర్వాత విడిగా తెస్తుంది. పట్టిక దారిలో ఉండగానే నా స్క్రిప్టు ఫొటో తీసి 'సేవ్డ్' అని రాసేస్తోంది.

మరి ఉదయం ఐదుకి నెట్ బాగుంటుంది కదా, ఆ ఫొటో ఏమైంది? మర్నాడు తెల్లారుజామున లేచి ఫైల్ తెరిస్తే పట్టిక మొత్తం ఉంది! రాత్రి ఎనిమిది దాటాక అదే ఫైల్ మళ్లీ ఖాళీ. అప్పుడు వెలిగింది. ఫైల్ పేరులో తేదీ మాత్రమే పెట్టా, టైమ్ పెట్టలేదు. అదే పేరుతో ఫైల్ ఉంటే ప్లేరైట్ అడగదు, పాతదాని మీదే రాసేస్తుంది. అంటే తమ్ముడి పేరున్న బొమ్మని నా స్క్రిప్టే ఉదయం తీసింది, నా స్క్రిప్టే రాత్రి చెరిపేసింది.

సరిచేయడానికి పది నిమిషాలు పట్టలేదు. పట్టికలో మొదటి వరస కనిపించేదాకా ఆగమన్నా, గడువు మూడు నిమిషాలకు పెంచా. ఫైల్ పేరులో గంట, నిమిషం చేర్చా. మధ్యలో కోలన్ మాత్రం పెట్టకండి, విండోస్ ఆ పేరుని ఒప్పుకోదు. ఖాళీ బొమ్మలన్నీ 14 కేబీ దగ్గరే ఉన్నాయి కాబట్టి, 50 కేబీ లోపు వస్తే మళ్లీ తీయమన్నా. ముఖ్యమైన పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లోనూ సేవ్ చేస్తున్నా. మన ఫోల్డర్‌లోని బొమ్మని ఎడిట్ చేశావని ఎవరైనా అనొచ్చు, అక్కడ దాచిన తేదీని అలా అనడం కష్టం.

తమ్ముడికి విషయం చెప్పడానికే రెండు గంటలు తటపటాయించా. వాడు తిట్టలేదు, అదే ఇంకా బాధేసింది. చివరికి చింతపల్లిలో ఉన్న వాడి ఫ్రెండ్ ఒకడు ఆ రోజు ఫోన్‌లో తీసుకున్న స్క్రీన్‌షాట్ దొరికింది. సగం పేజీయే, కానీ వాడి పేరున్న వరస అందులో ఉంది. గడువు ఆఖరి సాయంత్రం దాన్ని జతచేసి పంపాం. జవాబు ఇంకా రాలేదు. ఆ పేజీని ఇప్పుడు గంటగంటకీ తీస్తున్నా, తీసిన ప్రతి ఫైల్‌నీ తెరిచి చూస్తున్నా.