ట్రాక్టరు ముందు చక్రాల సర్దుబాటు

ట్రాక్టరు ముందు చక్రాల సర్దుబాటు అనగా గట్టి నేల మీదను, రోడ్డు మీదను ట్రాక్టరు పక్కకు లాగకుండా, స్టీరింగు త్రిప్పిన వైపునకే తిరుగునట్లుగా దాని ముందు ఇరుసును, చక్రాలను, వాటిపై పడు బరువును సరిచేయుట. పొలములో కనబడని లోపము తారురోడ్డు మీద బయటపడును. కనుక పొలమునకు, రోడ్డునకు మధ్య నిత్యము తిరిగే ట్రాక్టర్లకు ఇది మిక్కిలి అవసరము. ఇంజను శక్తి వెనుక చక్రాలకు మాత్రమే అందే సాధారణ ట్రాక్టర్లను దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసము వ్రాయబడినది.

నేపథ్యము

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడినవి. ఇక్కడ ఎర్ర చెలకలు, నల్లరేగళ్ళు రెండును కలవు. ఎండాకాలములో చెలక నేల బండవలె గట్టిపడును. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి పథకాల ద్వారా కృష్ణానది నీరు వచ్చిన తరువాత, ఒకప్పుడు వేరుశనగ, జొన్న, ఆముదము పండించిన అనేక గ్రామాలలో వరి సాగు పెరిగినది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో విత్తనపు ప్రత్తి సాగు ప్రసిద్ధము.

దీని వలన ఒకే ట్రాక్టరు ఒకే సంవత్సరములో పలు రకాల నేలపై నడువవలసి వచ్చుచున్నది. జూలైలో ఇనుప చక్రాలు తగిలించుకొని కరిగెట చేయును. పంట కోసిన పిదప ధాన్యపు బస్తాలతో కొనుగోలు కేంద్రమునకు పోవును. వేసవిలో గట్టి చెలకలో దుక్కి దున్నును. పెబ్బేరు, కొత్తకోట, ఎర్రవల్లి ప్రాంతాల ట్రాక్టర్లు 44వ జాతీయ రహదారిని దాటవలసి ఉండును, లేదా దాని వెంట కొంత దూరము పోవలసి ఉండును. అక్కడ లారీలు, బస్సులు వచ్చు వేగమునకు, ట్రాక్టరు కొంచెము పక్కకు గుంజినను ప్రాణాపాయమే.

మెత్తని నేల, గట్టి నేల

ట్రాక్టరు ముందు టైరుపై చుట్టూ పొడవుగా రెండు మూడు గట్లు ఉండును. మెత్తని మట్టిలో ఈ గట్లు దిగబడి, నాగటి కర్రు చాలులో నడిచినట్లు, చక్రమును పక్కకు జారకుండా పట్టి ఉంచును. మట్టి పట్టు ఉన్నంతవరకు చక్రాలు కొద్దిగా వంకరగా ఉన్నను డ్రైవరుకు తెలియదు. గట్టి నేల మీద గట్లు దిగబడవు. అక్కడ ఆధారము రబ్బరుకు, నేలకు మధ్యనున్న ఘర్షణ మాత్రమే. రెండు చక్రాలు చెరొక దిక్కు చూచుచున్నచో అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకొనును. టైరు అంచు రంపపు పళ్ళవలె అరిగిపోవును. వేగము పెరిగిన కొలది స్టీరింగు వణకును.

మంచు దేశాలలో నడిపే స్నోమొబైలు అను వాహనమునకును ఇదే సమస్య కలదు. కెనడాకు చెందిన బొంబార్డియర్ 1959లో స్కీ-డూ పేరుతో దీనిని విడుదల చేసిన తరువాత ఇది బహుళ ప్రచారము పొందినది. దీనికి ముందు చక్రాలకు బదులు రెండు స్కీలు ఉండును. మెత్తని మంచులో స్కీ అడుగున ఉన్న గట్టు దిగబడి దారి చూపును. మంచు త్రొక్కబడి గట్టిపడినప్పుడు అది దిగబడదు కనుక, స్కీ క్రింద కార్బైడు అంచు గల సన్నని కడ్డీ బిగింతురు. ఆ అంచు మొద్దుబారినచో బండి మలుపు తిరగక ముందుకే జారును. వింత యేమనగా, స్కీల ముక్కులను కొద్ది మిల్లీమీటర్లు వెలుపలికి త్రిప్పి అమర్చుదురు. ట్రాక్టరు చక్రాలను మాత్రము లోపలికి త్రిప్పుదురు. కారణము క్రింద చెప్పబడినది.

ముక్కు వంపు

రెండు ముందు చక్రాల ముందరి అంచుల మధ్య దూరము వెనుక అంచుల మధ్య దూరము కంటె కొంచెము తక్కువగా ఉండుటను మెకానిక్కులు ‘టో-ఇన్’ అందురు. ఇది సాధారణముగా కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే ఉండును. సరియైన అంకె ఆయా ట్రాక్టరుతో ఇచ్చిన చేతిపుస్తకములో ఉండును. పక్కింటివారి ట్రాక్టరు కొలత మన ట్రాక్టరుకు పనికిరాదు.

ట్రాక్టరు ముందుకు పోవునప్పుడు నేల టైరును వెనుకకు నెట్టును. చక్రము తిరిగే కింగ్ పిన్ను టైరు మధ్యరేఖకు లోపలి వైపున ఉన్నందున, ఈ నెట్టుడు వలన చక్రాల ముక్కులు వెలుపలికి విచ్చుకొనును. కీళ్ళలోని వదులు దీనికి తోడగును. ముందే కొద్దిగా లోపలికి త్రిప్పి ఉంచినచో నడకలో రెండును సమాంతరమునకు వచ్చును. స్కీ విషయము వేరు: అది దొర్లదు, దాని అంచు మంచును కోయుచు పోవును. ముక్కులు లోపలికి ఉన్న స్కీలు ఎదురెదురుగా కోసికొనుచు బండిని అటూ ఇటూ గుంజును.

కొలుచు విధానము

దీనికి టేపు, సుద్దముక్క, ఒక సహాయకుడు చాలును. అయితే కొలుచుటకు ముందు వదులు చూడవలెను. ముందు ఇరుసును జాకీతో లేపి, ట్రాక్టరు కదలకుండా వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డము పెట్టి, టైరును పైన, క్రింద పట్టుకొని ఊపవలెను. ఆడినచో బేరింగులో గాని కింగ్ పిన్ను బుష్షులో గాని లోపమున్నది. ముందు వెనుకలుగా పట్టుకొని ఊపినప్పుడు ఆడినచో టైరాడ్ చివరి కీళ్ళు అరిగినవని తెలియవలెను. ఇరుసు నడుమ ఉన్న సెంటర్ పిన్నును కూడ చూడవలెను. అరిగిన కీళ్ళను అట్లే ఉంచి కొలత సరిచేయుట వృథా. చాలామంది ఇక్కడనే పొరబడుదురు. టైరాడ్ త్రిప్పి తాత్కాలికముగా బాగైనట్లు భావింతురు, నెల తిరుగకముందే టైరు మరల అరుగును.

తరువాత ట్రాక్టరును చదునైన గచ్చు మీద నిలిపి, టైర్లలో గాలి సమముగా ఉన్నదో లేదో చూచి, చక్రాలను నిటారుగా పెట్టవలెను. ఇరుసు ఎత్తులో, రెండు టైర్ల ముందు భాగమున మధ్య గీతపై సుద్దతో గుర్తు పెట్టి ఆ గుర్తుల మధ్య దూరము కొలువవలెను. అటు పిమ్మట ట్రాక్టరును నెమ్మదిగా ముందుకు నెట్టి, చక్రము సరిగా సగము చుట్టు తిరిగి ఆ గుర్తులే వెనుకకు, అదే ఎత్తునకు వచ్చినప్పుడు మరల కొలువవలెను. మొదటి కొలత 1,296 మి.మీ., రెండవది 1,300 మి.మీ. అయినచో వంపు 4 మి.మీ. అని అర్థము. అవే గుర్తులను రెండుసార్లు కొలుచుట వలన రిమ్ములో చిన్న సొట్ట ఉన్నను లెక్క తప్పదు.

మార్పు అవసరమైనచో టైరాడ్‌కు ఇరువైపుల ఉన్న లాక్ నట్లు వదులు చేసి రాడ్డును త్రిప్పవలెను. రెండు రాడ్లు గల ట్రాక్టర్లలో రెంటిని సమముగా త్రిప్పవలెను. లేనిచో ట్రాక్టరు నేరుగా పోవుచున్నను స్టీరింగు వంకరగా నిలుచును. ప్రత్తి సాళ్ళకు అనుగుణముగా ముందు చక్రాల మధ్య వెడల్పును మార్చినప్పుడెల్ల ఈ కొలత మరల చూడవలెను.

ముందు భాగముపై బరువు

చక్రాలు ఎంత సరిగా ఉన్నను వాటిపై తగినంత బరువు లేనిచో స్టీరింగు పనిచేయదు. ఒక ఉదాహరణ చూతము. 1,900 కిలోల ట్రాక్టరు బరువులో 40 శాతము, అనగా 760 కిలోలు, ముందు చక్రాలపై ఉన్నదనుకొందము. ముందు వెనుక ఇరుసుల మధ్య దూరము 1.9 మీటర్లు, ట్రాలీ కొక్కెము వెనుక ఇరుసుకు 0.6 మీటరు వెనుక ఉన్నది. ట్రాలీ ఆ కొక్కెముపై 500 కిలోల భారము మోపినచో, త్రాసు సూత్రము ప్రకారము ముందు చక్రాలపై 500 × 0.6 ÷ 1.9, అనగా సుమారు 158 కిలోలు తగ్గును. నేల నుండి 0.5 మీటరు ఎత్తున 400 కిలోల బలముతో ట్రాలీని లాగుచున్నచో మరియొక 105 కిలోలు తగ్గును. మిగిలినది 497 కిలోలు. మూడవ వంతుకు పైగా పోయినది. కాలువ గట్టు ఎక్కునప్పుడు ఇది ఇంకను తగ్గును. ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులకు తులాదండము పాఠము చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ గ్రామములో దొరకదు.

బస్తాలను ట్రాలీ ముందు భాగములోనే పేర్చిన కొక్కెముపై భారము మితిమీరును. అన్నిటిని వెనుకనే పేర్చిన ట్రాలీ కొక్కెమును పైకి లేపి, వెనుక చక్రాల పట్టు తగ్గించును. భారము ట్రాలీ ఇరుసుపై, కొంచెము ముందుకు మొగ్గి ఉండవలెను. అవసరమైనచో ట్రాక్టరు ముందు బంపరుకు ఇనుప దిమ్మలు తగిలింతురు. బంపరుపై మనిషిని కూర్చుండబెట్టుట మాత్రము ఎన్నటికిని తగదు.

బ్రేకులు, ఇనుప చక్రాలు

ట్రాక్టరుకు ఎడమ, కుడి వెనుక చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడలు ఉండును. పొలము చివర చిన్న జాగాలో మలుపుటకు ఇది అనుకూలము. రోడ్డెక్కునప్పుడు రెండు పెడళ్ళను కొండితో కలుపవలెను. మరచినచో, వేగములో ఒక్క పెడలు త్రొక్కినంతనే ట్రాక్టరు ఆ వైపునకు గిర్రున తిరిగి పల్టీ కొట్టును. ముందు చక్రాల సర్దుబాటు అంతయు అప్పుడు నిష్ఫలము.

కరిగెటకు వాడే ఇనుప చక్రాలతో రోడ్డుపై నడుపుట వలన తారు చెడిపోవును. అంతేకాక ఇనుమునకు తారుపై పట్టు ఉండదు. బ్రేకు వేసినను జారును. వాటిని విప్పి ట్రాలీలో వేసికొని పోవుటకు కొంత సమయము పట్టును, ఆ సమయమును కూలి లెక్కలో చేర్చుకొనుట మేలు.

ట్రాలీలో మనుషులు

2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలములో వ్యవసాయ కూలీలతో పోవుచున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేను మంది మరణించిరి. వారిలో అధికులు స్త్రీలు. ట్రాలీ సరుకు కొరకు చేసినది. దానికి సీట్లు, పట్టుకొనుటకు ఆధారము ఉండవు. అనేక ట్రాలీలకు సొంత బ్రేకులు కూడ లేవు. కాలువ గట్ల మీది ఇరుకు దారులలో స్టీరింగు ఒక్క మూర తప్పినను సరిదిద్దుకొనుటకు చోటు ఉండదు. నాట్లకు, కలుపుతీతకు కూలీలను తీసికొనిపోవు వారు ఆటోను గాని జీపును గాని మాట్లాడుకొనవలెను.